నట్టు ఎంత బిగించినా చుక్క ఆగడం లేదు

ప్రశ్న: నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుతో కొత్తగా అక్వేరియం చేయించుకున్నాం. 10 మిల్లీమీటర్ల అద్దం. కింది అరలో సంప్ (నీటిని శుభ్రం చేసే రెండో తొట్టి) పెట్టాలని రెండు రంధ్రాలు వేయించాం. వెనక అద్దం పైభాగంలోని రంధ్రం నుంచి నీరు సంప్‌లోకి దిగుతుంది. అడుగు అద్దంలోని రంధ్రం ద్వారా మోటారు నీటిని తిరిగి పైకి పంపుతుంది. రెండింటికీ హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన ఒక అంగుళం ట్యాంక్ నిపుల్స్ (రంధ్రంలో బిగించి పైపు కలిపే ప్లాస్టిక్ ఫిట్టింగులు) నేనే బిగించాను. బయట నట్టు వైపు రబ్బరు వాషర్ వేసి, అద్దానికి రెండు వైపులా సిలికాన్ పూశాను. మూడో రోజున అడుగు నిపుల్ దగ్గర చుక్క కనిపించింది. పానాతో ఇంకాస్త బిగిస్తే ఒక రోజు ఆగి మళ్లీ మొదలైంది. చేపలు కూడా వేసేశాం. బయట నుంచి ఎం-సీల్ పెడితే చాలని ప్లంబరు అంటున్నాడు. అద్దం పగులుతుందేమోనని ఇంట్లో అందరూ భయపడుతున్నారు. అద్దం మార్చాలా? ఇకముందు లీకు రాకుండా ఏమి చేయాలి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: అన్నిటికంటే ముందు, ఆ నట్టు మీద ఇక పానా పెట్టవద్దు. మీ తొట్టిలో సుమారు 250 లీటర్ల నీరు పడుతుంది. అంటే అడుగు అద్దం ఇప్పటికే పావు టన్ను మోస్తోంది. అద్దంలో రంధ్రం వేసిన చోటే అన్నిటికంటే బలహీనమైన చోటు. నిండు తొట్టి కింద కూర్చుని అక్కడ బలం ఉపయోగించడం చాలా ప్రమాదకరం. రెండోసారి బిగించినప్పుడు ఒక రోజు ఆగింది కాబట్టి మూడోసారి పూర్తిగా ఆగుతుందని అనిపించడం సహజం. కానీ ఆగదు. ఎందుకు ఆగదో కింద చెబుతాను.

చేపలను అదే తొట్టి నీటితో నింపిన పెద్ద ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, గాలి మోటారు పెట్టి, పైన వల కప్పండి. ఫిల్టర్ స్పాంజిని కూడా ఆ నీటిలోనే ఉంచండి. అది ఆరిపోతే నీటిని శుభ్రంగా ఉంచే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, అప్పుడు లీకు బాగుపడినా చేపలకు కష్టం తప్పదు. తర్వాత తొట్టిని పూర్తిగా ఖాళీ చేయండి. ఈ పని పొడి అద్దం మీదే చేయాలి, మరో దారి లేదు.

ఎం-సీల్ ఆలోచన మానుకోండి. గరుకుగా ఉండే ఇనుప పైపుకు, సిమెంటు గోడకు అది బాగా పట్టుకుంటుంది. నున్నని అద్దానికి, ప్లాస్టిక్ నట్టుకు మధ్య రాయిలా గట్టిపడితే ప్రయోజనం ఉండదు. వేడికి ప్లాస్టిక్ అద్దం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. గట్టి ముద్ద ఆ కదలికను తట్టుకోలేక అంచుల్లో విడిపోతుంది. పైగా నీరు దాన్ని లోపలి నుంచి బయటికే నెడుతూ ఉంటుంది. అన్నిటికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆ తర్వాత నట్టు విప్పాలంటే ముద్దను చెక్కాలి, చెక్కడమంటే రంధ్రం అంచు మీద దెబ్బలు వేయడమే.

ఇక లీకు ఎందుకు వస్తోందో చూద్దాం. 45 సెంటీమీటర్ల నీరు అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద వేసే బరువు 45 గ్రాములే. మేడ మీది ట్యాంకు నుంచి కింది అంతస్తు కుళాయికి నీరు ఎనిమిది, పది మీటర్ల ఎత్తు నుంచి దిగుతుంది. అక్కడి ఒత్తిడి మీ తొట్టి అడుగున ఉన్నదానికి ఇరవై రెట్లు. కాబట్టి అక్వేరియం ఫిట్టింగు లీకయిందంటే ఒత్తిడికి తట్టుకోలేక అని అనుకోవద్దు. రబ్బరుకూ అద్దానికీ మధ్య ఎక్కడో ఒకచోట దారి ఉంది, నీరు ఆ దారిలో నిదానంగా పాకుతోంది. ఆ దారి మూయడానికి కావలసింది బలం కాదు, రబ్బరు చుట్టూతా ఒకే తీరుగా అద్దానికి ఆనుకోవడం. ప్రెషర్ కుక్కర్ మూతలో గాస్కెట్ చూడండి. అది అంతకంటే ఎన్నో రెట్ల ఒత్తిడిని ఆపుతుంది, కానీ దానికి ఎవరూ జిగురు పూయరు, మూతను పానాతో బిగించరు. గాస్కెట్ మెత్తగా, శుభ్రంగా ఉండి సరిగ్గా కూర్చుంటే చాలు. మీ నిపుల్‌కు కావలసిందీ అంతే.

మీ ఉత్తరంలో అసలు కారణం ఒక్క మాటలో దొరికింది: వాషర్‌ను బయట నట్టు వైపు వేశారు. ట్యాంక్ నిపుల్‌లో ఒక చివర వెడల్పాటి తల ఉంటుంది, ఆ తలా గొట్టమూ ఒకే ముక్క. రెండో చివర మరల మీద తిరిగే నట్టు వేరే ముక్క. వాషర్‌ను తలకూ అద్దానికీ మధ్య, తొట్టి లోపల వేస్తే నీరు మొట్టమొదట ఆ రబ్బరునే కలుస్తుంది, అక్కడే ఆగిపోతుంది. రంధ్రం, మరలు, నట్టు అన్నీ పొడిగా ఉంటాయి. అదే వాషర్‌ను నట్టు వైపు వేస్తే నీరు తల కింది నుంచి జారి రంధ్రంలోకి వస్తుంది. అక్కడ దానికి మర దొరుకుతుంది. నట్టుకూ అద్దానికీ మధ్య సందును వాషర్ మూస్తుంది కానీ, నట్టుకూ గొట్టానికీ మధ్య ఉన్న మరను మూసేది ఏదీ లేదు. ఈ మరలు కేవలం పట్టు కోసం ఉన్నవి, నీటిని ఆపడానికి చేసినవి కావు. నీరు ఆ మర వెంట చుట్లు తిరిగి నట్టు కింది అంచున చుక్కై నిలుస్తుంది. మీరు చూసిన చుక్క అదే అయి ఉంటుంది. బిగించినప్పుడు మరల మధ్య సందు కాస్త ఇరుకై ఒక రోజు ఆగింది, అంతే.

నట్టు వైపు వాషర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. నట్టు తిరుగుతున్నప్పుడు తనతో పాటు రబ్బరును కూడా లాగుతుంది. రబ్బరు ఒకవైపు సాగి, ఇంకోవైపు మడతపడి, కొన్నిసార్లు సగం బయటికి పొడుచుకువస్తుంది. తల వైపు ఉన్న రబ్బరుకు ఆ బాధ లేదు, తల కదలదు కాబట్టి. నిపుల్‌తో రెండు వాషర్లు వస్తే రెండోదాన్ని నట్టు కింద పరుపులా వేయవచ్చు, తప్పు లేదు. అంతకంటే నున్నని పలుచని ప్లాస్టిక్ రింగు మేలు, నట్టు దాని మీద సులువుగా జారుతుంది. రెండు వాషర్లనూ ఒకే వైపు ఒకదాని మీద ఒకటి మాత్రం వేయవద్దు. అవి ఒకదాని మీద ఒకటి జారి పక్కకు తప్పుకుంటాయి.

సిలికాన్ గురించి నా అభిప్రాయం కచ్చితంగా చెబుతాను. వాషర్ ఉన్నచోట సిలికాన్ వద్దు. సిలికాన్ పూసి ఏళ్ల తరబడి చుక్క రాకుండా నడుపుతున్నవారు ఉన్నారు, కాదనను. కానీ తడి సిలికాన్ నూనెలా జారుతుంది. దాని మీద రబ్బరును బిగిస్తే రబ్బరు నలగడానికి బదులు పక్కకు జారిపోతుంది. సిలికాన్ గట్టిపడటానికి గాలిలోని తేమ కావాలి, రెండు పలకల మధ్య ఇరుక్కున్న పొరకు అది అందడానికి చాలా కాలం పడుతుంది. అద్దానికి బ్రహ్మాండంగా అతుక్కునే సిలికాన్ ప్లాస్టిక్‌కు అంత బాగా అతుక్కోదు. కాబట్టి మీకు బలమైన అతుకూ దొరకదు, సరిగ్గా నలిగిన రబ్బరూ దొరకదు. తొట్టి అద్దాలను ఒకదానికొకటి అతికించడానికి సిలికాన్‌ను మించింది లేదు, దాని చోటు అదే.

ఇప్పుడు విప్పే పని. లోపల తలను ఒకరు కదలకుండా పట్టుకోవాలి, బయట ఇంకొకరు నట్టు తిప్పాలి. కొన్ని నిపుల్స్‌లో నట్టు ఎడమ మరతో ఉంటుంది, మామూలుకు వ్యతిరేకంగా తిప్పితేనే వదులవుతుంది. బలం పెట్టే ముందు మర వాలు ఏ వైపు ఉందో చూడండి. సిలికాన్ పట్టేసి ఉంటే తల అంచు చుట్టూ పలుచని బ్లేడును పడుకోబెట్టి కోసి వదులు చేయండి. అద్దం మీద నుంచి నిపుల్‌ను ఊపి లాగవద్దు. అదీ రాకపోతే నట్టునే హాక్సా బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీసేయండి. నిపుల్ ఖరీదు అద్దంతో పోలిస్తే లెక్కలోది కాదు. అద్దం మీద మిగిలిన సిలికాన్‌ను బ్లేడుతో పూర్తిగా గీకి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. గోరు ఆనిస్తే ఎక్కడా తట్టుకోకూడదు, గుడ్డ పెట్టి రుద్దితే కీచుమనాలి. పాత సిలికాన్ పొర కంటికి కనిపించనంత పలుచగా మిగిలినా రబ్బరు కింద అది నీటికి దారే. గీకేటప్పుడు అద్దాల మూలల్లో ఉన్న అసలు అతుకు జోలికి బ్లేడు పోకుండా చూసుకోండి.

అద్దం మార్చాలా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇప్పుడు, రంధ్రం అంచు బయటపడ్డాక తెలుస్తుంది. గదిలో దీపం ఆర్పి, టార్చిని అద్దానికి పక్కవాటుగా పెట్టి రంధ్రం చుట్టూ నెమ్మదిగా తిప్పండి. రెండు రకాల లోపాలు కనిపించవచ్చు. ఒకటి పెచ్చు, అంటే రంధ్రం వేసే డ్రిల్ బిట్ బయటికి వచ్చిన వైపున అద్దం చిన్న పొలుసులా లేచిపోయిన చోటు. రెండోది పగులు, అంచు నుంచి బయటికి సాగే సన్నని గీత. టార్చి కదిలిస్తే అది తళుక్కుమంటుంది. పగులు ఎంత చిన్నదైనా ఆ అద్దం పనికిరాదు. దాని మీద సిలికాన్ పూసి మళ్లీ నీళ్లు పోయవద్దు, అది ఈరోజు కాకపోతే రేపు పెరుగుతుంది. పెచ్చు అయితే దాని వెడల్పు కొలవండి. వాషర్ అద్దానికి ఆనే పట్టీలో అది లోపలి అంచు వరకే ఉంటే ఫరవాలేదు. పట్టీ సగం దాటి ఉంటే ఇంకాస్త వెడల్పు తల, వెడల్పు వాషర్ ఉన్న ఫిట్టింగు చూసుకోవాలి. పట్టీని పూర్తిగా దాటి ఉంటే ఆ చోట రబ్బరు ఎంత నలిగినా నీరు ఆగదు. రంధ్రం అంచులు పదునుగా ఉంటే 400 నంబరు వాటర్ పేపరును తడిపి చేత్తో మెల్లగా రుద్దండి. పదును చచ్చాక పగులు పుట్టే అవకాశమూ తగ్గుతుంది.

రంధ్రం కొలత కూడా చూడండి. నిపుల్ మర బయటి వ్యాసం కంటే రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. మరీ బిగుతుగా ఉంటే ప్లాస్టిక్ అద్దం అంచును ఒరుసుకుంటూ ఉంటుంది. మరీ వదులైతే నిపుల్ ఒక పక్కకు జరిగి, రెండో పక్క వాషర్ రంధ్రంలోకి దిగబడుతుంది. రంధ్రం అంచుకూ అద్దం అంచుకూ మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత దూరం ఉండాలన్నది మంచి నియమం. ఇంకెప్పుడైనా రంధ్రం వేయించేటట్లయితే, టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) అద్దానికి మాత్రం బిట్ ఆనించనీయకండి, అది మొత్తం ముక్కలైపోతుంది. మామూలు అద్దానికి కూడా డైమండ్ బిట్ చుట్టూ నీరు ఆగకుండా పడుతూ ఉండాలి, వెనకవైపు టేపు అంటించాలి, చివరి మిల్లీమీటరులో చేతి బరువు దాదాపు తీసేయాలి. పెచ్చులు లేచేది ఆ చివరి మిల్లీమీటరులోనే.

వాషర్ కొనేటప్పుడు తొందరపడకండి. ఓవర్‌హెడ్ ట్యాంకుల కోసం వచ్చే నిపుల్స్‌తో చాలాసార్లు పలుచని గట్టి వాషర్ ఇస్తారు. ఆ ట్యాంకు గోడ ప్లాస్టిక్ కాబట్టి తనే కొంత వంగి సర్దుకుంటుంది. అద్దం వంగదు, సర్దుకోవలసిందంతా రబ్బరే. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం, వేలితో నొక్కితే లొంగి వెంటనే పైకి లేచే మెత్తని వాషర్ కావాలి. ఈపీడీఎం రబ్బరు దొరికితే అది తీసుకోండి. దానికి వాజెలిన్ లాంటి పెట్రోలియం జిడ్డు రాయవద్దు, ఈ రబ్బరు ఆ జిడ్డుకు ఉబ్బి పాడవుతుంది. తడి చేయి తగిలిస్తే చాలు. మీ పాత వాషర్ కొత్తదే అయినా మళ్లీ వాడవద్దు. ఒకసారి మెలితిరిగి, సిలికాన్ అంటి, ఒకే ఆకారంలో నలిగిన రబ్బరు మళ్లీ పూర్తిగా పైకి లేవదు.

ఎవరూ చూడని చోటు ఒకటుంది, నిపుల్ తల లోపలి వైపు. వాషర్ కూర్చునే ఆ ముఖం మీద అచ్చు గీత గానీ, ప్లాస్టిక్ చుక్క గానీ ఉంటుంది. గోరు పెట్టి చుట్టూ తిప్పితే తెలిసిపోతుంది. వాటర్ పేపరును చదునైన అద్దం ముక్క మీద పరిచి, నిపుల్‌ను నిలువుగా పట్టుకుని ఆ గీత పోయేదాకా రుద్దవచ్చు. తల మధ్యలో గొట్టం ఉంటుంది కాబట్టి పేపరులోనూ అద్దం ముక్కలోనూ మధ్యభాగాన గొట్టం పట్టేంత రంధ్రం ఉండాలి. అది కుదరకపోతే వేరే నిపుల్ తెచ్చుకోండి. దుకాణంలోనే నాలుగైదు తీయించి గోరుతో చూసి, మంచిది ఎంచుకోవడంలో మొహమాటం వద్దు.

బిగించేటప్పుడు వాషర్‌ను తలకు తొడిగి, నిపుల్‌ను లోపలి నుంచి రంధ్రంలో పెట్టి సరిగ్గా మధ్యకు తీసుకురండి. లోపల ఒకరు తలను గట్టిగా పట్టుకోవాలి. మీరు బయట నట్టును చేత్తో ఎంత బిగుస్తుందో అంత బిగించండి. తర్వాత పానాతో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. అక్కడ ఆపేయండి. అద్దం గుండా టార్చి వేసి వాలుగా చూస్తే రబ్బరు అద్దానికి ఆనిన చోటు నల్లగా, తడిసినట్టుగా నిండు రంగులో కనిపిస్తుంది. ఆనని చోటు బూడిద రంగులో వెలిసినట్టుంటుంది. ఆ నల్లని వలయం ఎక్కడా తెగకుండా చుట్టూతా ఉంటే మీ పని అయిపోయినట్టే. ఎక్కడైనా తెగి ఉంటే ఇంకా బిగించవద్దు, విప్పి అక్కడ ఏముందో చూడండి. ఒక ఇసుక రేణువో, ఒక వెంట్రుకో, మిగిలిపోయిన సిలికాన్ పొరో కనిపిస్తుంది. రబ్బరు తల అంచు దాటి బయటికి ఉబ్బిందంటే హద్దు మీరినట్టు లెక్క.

నట్టు మరకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, అక్కడ దానితో పని లేదు. నిపుల్‌లోకి పైపు అడాప్టర్‌ను మరతో బిగించే చోట మాత్రం మూడు నాలుగు చుట్లు చుట్టాలి, అదీ బిగించే దిశలోనే. ఎక్కువ చుడితే ఎక్కువ భద్రమని చాలామంది అనుకుంటారు. మందంగా చుట్టిన టేపు చీలలా పనిచేసి నిపుల్ గొట్టాన్ని లోపలి నుంచి చీలుస్తుంది. ఆ చీలిక వెంట్రుక వాసి ఉంటుంది కాబట్టి లీకు వాషర్ దగ్గర నుంచే వస్తోందనిపిస్తుంది.

పైపుల రకం కూడా ఒకసారి సరిచూసుకోండి. తెల్లని యూపీవీసీ ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 33.4 మిల్లీమీటర్లు. లేత పసుపు రంగులో ఉండే సీపీవీసీ ఒక అంగుళం పైపుది 28.6. పొలాలకు వాడే పైపుల లెక్క మళ్లీ వేరు, వాటిని మిల్లీమీటర్లలోనే అమ్ముతారు. పేరుకు అన్నీ ఒక అంగుళమే అనుకుని ఒకదానిలో ఒకటి దూర్చి, ఖాళీని సొల్యూషన్‌తో (పైపులు అతికించే జిగురుతో) నింపితే అది అతుకు కాదు. ఏ పైపుకు ఆ సొల్యూషనే వాడాలి, పూర్తిగా ఆరడానికి ఒక రోజు ఇవ్వాలి. అతికించే పని వీలైనంత వరకు నిపుల్ తొట్టికి బిగించకముందే, బల్ల మీద ముగించండి. సొల్యూషన్ చుక్క వాషర్ మీద పడకూడదు.

మొదటి వారం పొడిగా ఉండి నెలకో రెండు నెలలకో మొదలయ్యే లీకులు చాలా వరకు పైపుల వల్ల వస్తాయి. నిపుల్ నుంచి పక్కకు సాగిన పైపు, దాని చివర బరువైన బాల్ వాల్వు, కింద ఏ ఆసరా లేదు. ఆ బరువంతా వాషర్‌ను ఒక పక్క నొక్కుతూ, ఎదురు పక్క ఎత్తుతూ ఉంటుంది. వాల్వు తిప్పిన ప్రతిసారీ ఆ మెలి నేరుగా నిపుల్‌కు చేరుతుంది. మోటారు అదురు రాత్రింబవళ్లు దీనికి తోడు. పైపును క్లాంపుతో స్టాండుకే కట్టండి. గోడకు కట్టవద్దు, నీరు నింపాక స్టాండు కొద్దిగా దిగుతుంది, గోడ దిగదు. మోటారు దగ్గర ఒక జానెడు మెత్తని గొట్టం ముక్క వేస్తే అదురు అక్కడితో ఆగిపోతుంది. వాల్వు తిప్పేటప్పుడు రెండో చేత్తో వాల్వును పట్టుకోవడం ఇంట్లో అందరికీ చెప్పండి. నిపుల్ దగ్గర ఒక యూనియన్ (పైపును విప్పి మళ్లీ కలిపే జాయింటు) పెట్టుకుంటే తర్వాత ఏ మరమ్మతుకైనా అద్దాన్ని కదిలించనక్కరలేదు.

పరీక్షకు చేపలు లేకుండా కనీసం రెండు రోజులు కేటాయించండి. నిపుల్ కింద వార్తాపత్రిక పరచండి. ఒక్క చుక్క పడి ఆరినా కాగితం ముడతపడి గుండ్రని మరక మిగులుతుంది, మీరు నిద్రలో ఉన్నప్పుడు పడిన చుక్క కూడా పొద్దున్నే తెలిసిపోతుంది. ముందు పావు వంతు నింపి కొన్ని గంటలు ఆగండి, తర్వాత పూర్తిగా నింపండి. రెండో రోజు మోటారు నడపండి, ఆపండి, వాల్వులు తిప్పండి. తడి కనిపిస్తే ఫిట్టింగు మొత్తం ఆరబెట్టి, నట్టు పైన, నట్టు కింద, పైపు అతుకు దగ్గర వేర్వేరుగా టిష్యూ కాగితం చుట్టండి. ముందు తడిసినది ఏదో అదే అసలు చోటు. నీరు ఒకచోట పుట్టి ఇంకోచోట రాలుతుంది కాబట్టి చుక్క పడిన చోటును బట్టి నిర్ణయానికి రావద్దు. పది సెకన్లకు ఒక చుక్క కూడా రోజుకు సుమారు 400 మిల్లీలీటర్లు అవుతుంది. ఎండకు ఆవిరయ్యే నీటిలో ఆ లోటు కలిసిపోయి కనిపించదు, కానీ స్టాండు ప్లైవుడ్ మాత్రం ఉబ్బిపోతుంది. బోరు నీళ్లు వాడేవారికి ఒక సౌకర్యం ఉంది. నట్టు చుట్టూ తెల్లని సున్నం పొర కట్టిందంటే అక్కడ తడి ఆరుతోందని, చుక్క పడకపోయినా లీకు మొదలైందని అర్థం.

మోటారు, దీపాల ప్లగ్గులు నిపుల్ కింద ఎక్కడా ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును స్టాండు లోపల పైన ఒక పక్కగా బిగించండి. వైరు ప్లగ్గుకు చేరే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు వైరు వెంట జారిన నీరు ఆ వంపులోనే రాలిపోతుంది. ఈ సర్క్యూట్‌కు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే స్విచ్చి) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. ఇది వాయిదా వేసే పని కాదు.

చివరిగా, మీరు అడగని విషయం ఒకటి చెప్పక తప్పదు. మోటారు నీటిని అడుగు రంధ్రం ద్వారా పైకి పంపే ఏర్పాటును మార్చేయండి. కరెంటు పోయి మోటారు ఆగిన క్షణం తొట్టి నీరంతా అదే దారిలో సంప్‌లోకి దిగుతుంది. సంప్ నిండి గదిలోకి పొర్లుతుంది, చేపలు పొడి అద్దం మీద పడి ఉంటాయి. నీటిని ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు పెట్టవచ్చని అనిపిస్తుంది, కానీ దాని నాలుక కింద నాచు పోగో, చిన్న నత్తో ఇరుక్కుంటే అది మూసుకోదు. అలా జరిగిందని మీకు తెలిసేది కరెంటు పోయినప్పుడే. నా సలహా అడుగు రంధ్రాన్ని శాశ్వతంగా మూసేయమని. రంధ్రానికి పగులు లేకపోతే, అంతే మందం ఉన్న అద్దం పలకను చుట్టూ నాలుగైదు సెంటీమీటర్లు దాటేలా కోయించి, తొట్టి లోపలి వైపు అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. బూజు రాకుండా మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ వాడవద్దు, అది చేపలకు విషం. పలక మీద కొద్దిగా బరువు పెట్టి, కనీసం ఒక వారం వదిలేయండి. నీటి బరువు పలకను అద్దానికేసి నొక్కుతుంది కాబట్టి ఈ అతుకు నిపుల్ కంటే నమ్మదగింది.

మోటారు పైపును తొట్టి అంచు మీదుగా పైనుంచి లోపలికి దించండి. దాని మూతి నీటిలో మునిగి ఉంటే కరెంటు పోయినప్పుడు సైఫన్‌లా నీటిని వెనక్కి లాగుతుంది. అందుకని నీటి మట్టానికి వేలెడు కింద పైపుకు చిన్న రంధ్రం వేయండి, మట్టం అక్కడికి దిగగానే గాలి లోపలికి వచ్చి సైఫన్ తెగుతుంది. మీ తొట్టిలో ఒక సెంటీమీటరు మట్టం తగ్గితే సుమారు ఐదున్నర లీటర్లు దిగినట్టు. ఐదు సెంటీమీటర్లయితే 27 లీటర్లు. సంప్‌లో ఎప్పుడూ అంతకు మించి ఖాళీ ఉంచండి. వెనక అద్దంలోని పై నిపుల్‌కు జాలీ మూతి తగిలించండి. అది ఆకుతో మూసుకుపోతే మోటారు సంప్‌లోని నీటిని పైకి పంపుతూనే ఉంటుంది, కాబట్టి సంప్‌లో మోటారు ఉన్న అరలోని నీరంతా పైకి వచ్చినా తొట్టి పొర్లకుండా ఆ అర చిన్నదిగా ఉండాలి. పై నిపుల్‌కు కూడా మీరు వాషర్ బయటే వేశారు. అది ఇప్పటికి పొడిగా ఉన్నా, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడే విప్పి కొత్త వాషర్‌ను లోపలికి మార్చండి.